జరగని కీడుకు కర్త ఉంటాడా?

గోదావరిఖనిలో ఫస్ట్ షిఫ్టుకు బాయి దిగబోయే కార్మికుడు అమ్మవారి ముందు చెప్పులు విడిచి నిలబడి అడిగేది ఒక్కటే: సల్లంగ జూడు తల్లీ. ఆ మొక్కులో ధనం లేదు, పదవి లేదు, కొత్తగా రావలసినదేదీ లేదు. పోయినట్టే తిరిగి రావాలి, అంతే. పైకప్పు కూలకపోవడం, గ్యాసు అంటుకోకపోవడం, పాత బాయిలో నిలిచిన నీళ్లు విరుచుకుపడకపోవడం. మన పురాణాల్లో తపస్సు చేసినవాళ్లు రాజ్యమో సంతానమో చావులేనితనమో అడుగుతారు. ఇతడు అడుగుతున్నది ఏమీ జరగకుండా ఉండటాన్ని. అలాంటి కోరిక తీరిందని తెలిసేదెలా? షిఫ్టు ముగించుకుని పైకొచ్చిన మనిషికి ఆ రోజు తన మీదినుంచి తప్పిపోయిన గండం ఒకటి ఉందో లేదో తెలియదు. దండం ఎవరికి పెట్టాలి? అమ్మవారికా, ముందు రాత్రి పైకప్పుకు ఊతం పెట్టిపోయిన టింబర్‌మన్‌కా, లేక ఎవరికీ అక్కర్లేదా? జరగని కీడుకు కర్త ఉంటాడా, ఉంటే ఆ పనికి ఫలం ఉందా అన్న ప్రశ్న ధర్మవిచారంలో చిన్నదేమీ కాదు. దాన్ని పరీక్షించడానికి బొగ్గుబాయి ఎంత తగిన చోటో, దానితో ఏ చుట్టరికమూ లేనట్టు కనిపించే షేర్ మార్కెట్ కంప్యూటర్లు కూడా అంత తగినవి. 1999 డిసెంబర్ 31 అర్ధరాత్రి ఆ కంప్యూటర్లు దాటిన గడప గురించి ఇప్పటికీ రెండు తీర్పులున్నాయి. ఒకటి, పెద్ద గండం తప్పింది. రెండోది, అసలు గండమే లేదు. రెండో తీర్పే లోకంలో ఎక్కువగా చెల్లుబాటవుతోంది. అది తప్పని, ఆ తప్పు ఒక్క కంప్యూటర్ల విషయంలో ఆగేది కాదని ఇక్కడ నా వాదన.

భయానికి మూలం ఒక చిన్న పొదుపు. కంప్యూటర్ల తొలిరోజుల్లో సమాచారాన్ని చిల్లుల కార్డుల మీద దాచేవారు. కార్డుకు 80 గడులు. పేరు, ఖాతా నంబరు, సొమ్ము, తేదీ అన్నీ వాటిలోనే ఇమడాలి. సంవత్సరానికి ముందుండే 19 ఎప్పుడూ మారేది కాదు కనుక దాన్ని వదిలి 65, 72 అని రెండంకెలు రాయడం అలవాటైంది. కార్డులు పోయి టేపులు, టేపులు పోయి డిస్కులు వచ్చినా అలవాటు పోలేదు. పాత ప్రోగ్రాముల మీదే కొత్తవాటిని కట్టుకుంటూ పోయారు. అలాంటి యంత్రానికి 99 తర్వాత వచ్చేది 00, అంటే దాని దృష్టిలో 1900. షేర్లు, బాండ్ల వ్యాపారంలో ఈ లోపం మరీ లోతుగా దిగబడింది. అక్కడ తేదీ సరుకు మీద అంటించిన చీటీ లాంటిది కాదు, సరుకులో సగం తేదీయే. బాండు అంటే ఫలానా రోజున ఇంత చెల్లిస్తానన్న మాట. ఆప్షన్ అంటే ఫలానా రోజు దాకా చెల్లే హక్కు. 1999 అక్టోబర్‌లో కొని 2000 జనవరిలో చేతికొచ్చే 90 రోజుల బిల్లుకు వడ్డీ కట్టమంటే, రెండంకెల ప్రోగ్రాము 00లోంచి 99ని తీసివేసి, గడువు దాదాపు నూరేళ్ల కిందటే తీరిందని చెబుతుంది. ధరల చరిత్రను తేదీల వరుసలో పేర్చే ప్రోగ్రాము 2000 జనవరి 3 నాటి ధరను తీసుకుపోయి ఫైలు మొట్టమొదట పెడుతుంది; 200 రోజుల సగటు చూసి కొనుగోళ్లు చేసేవాడికి ఆ సగటు అక్కడితో అర్థం లేనిదైపోతుంది. కొన్ని ట్రేడింగ్ ప్రోగ్రాములు 1900 నుంచి గడిచిన ఏళ్లు లెక్కపెట్టే పద్ధతి పట్టుకుని 99 తర్వాత 100 అని రాసుకుని గట్టెక్కాయి. ఆ పద్ధతినే అర్థం చేసుకోకుండా వాడిన కొన్ని వెబ్‌పేజీలు కొత్త సంవత్సరం పొద్దున 19100 అని చూపించాయి. దీనికి తోడు లీపు సంవత్సరం చిక్కు. నూరుతో భాగించబడే ఏడు లీపు కాదు, కాని నాలుగు వందలతో భాగించబడితే అవుతుంది. సగం సూత్రమే తెలిసిన ప్రోగ్రాముకు 2000 ఫిబ్రవరి 29 అనే రోజే లేదు.

దీన్ని సరిదిద్దడంలో మేధస్సు కన్నా ఓపిక ఎక్కువ కావలసి వచ్చింది. రాసినవాళ్లు రిటైరైపోయిన, కొందరు చనిపోయిన ప్రోగ్రాములను వరుస వరుసగా చదివి, తేదీ దాగిన ప్రతి చోటునూ వెతికి, మార్చి, గడియారాన్ని ముందుకు తిప్పి పరీక్షించడం. అమెరికా షేర్ వ్యాపార సంస్థలు 1999 మార్చి, ఏప్రిల్ నెలల్లో మార్కెట్ లేని శనివారాల్లో అందరూ కలిసి ఉత్తుత్తి లావాదేవీలు నడిపి, శతాబ్దపు చివరి రోజులనూ కొత్త ఏడాది తొలి రోజునూ ముందే ఒకసారి బతికి చూశాయి. ప్రపంచమంతటా అయ్యే ఖర్చును గార్ట్‌నర్ సంస్థ 30,000 కోట్ల నుంచి 60,000 కోట్ల డాలర్ల దాకా అంచనా వేసింది. ఆ పనిలో తెలుగువాళ్ల చెమట ఎంత ఉందో మనకు తెలుసు. అమీర్‌పేట గదుల్లో కోబాల్ నేర్చుకున్నవాళ్లు, 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకునే వేళకు విమానాలెక్కుతున్నవాళ్లు, అమెరికా ఏడాదికి 65,000గా ఉన్న హెచ్1బీ వీసాలను 1999కి 1,15,000కు పెంచినప్పుడు దాటిపోయినవాళ్లు. ఎవరో పరాయి దేశపు ముసలివాళ్ల పింఛను ఫండ్లలో, ఎవరివో బాండ్ల ఖాతాల్లో, తాము పుట్టకముందు రాసిన వరుసలను వాళ్లు మరమ్మతు చేశారు. జనవరి 1 శనివారం. సోమవారం 3వ తేదీన న్యూయార్క్‌లోనూ ముంబయిలోనూ మార్కెట్లు తెరుచుకున్నాయి, వ్యాపారం జరిగింది, సాయంత్రం మూసుకున్నాయి. వారం తిరిగేసరికి మాట మారింది. ఇంత డబ్బు ఎందుకు తగలేశారు? ఏమైందని? సాఫ్ట్‌వేర్ కంపెనీలు కలిసి ఆడిన నాటకం కాదూ? అప్పటిదాకా మోసినవాళ్లే మోసం అన్నారు.

ఏమీ జరగలేదు కనుక ఏమీ లేదు అన్న ఈ తర్కాన్ని మన తార్కికులు ఎప్పుడో విప్పి చూశారు. లేకపోవడం ఎలా తెలుస్తుంది అన్నది వాళ్లకు పెద్ద చర్చ. కుమారిల భట్టు అనుచరులు అనుపలబ్ధిని, అంటే కనపడకపోవడాన్ని, ఒక ప్రత్యేక ప్రమాణంగానే నిలబెట్టారు. ప్రాభాకరులు అభావం అనే వేరే వస్తువే లేదని, కుండ లేని నేల అంటే ఒట్టి నేలేనని అన్నారు. నైయాయికులు అభావాన్ని ఒప్పుకుని, దానికి ఒక గట్టి షరతు పెట్టారు. కనపడకపోవడం లేకపోవడానికి సాక్ష్యం కావాలంటే, ఆ వస్తువు ఉండి ఉంటే తప్పక కనపడే పరిస్థితి ఉండాలి. వెలుతురున్న గదిలో కుండ కనపడకపోతే లేదనవచ్చు. చీకటి గదిలో కనపడలేదని లేదనకూడదు. జనవరి 3 సోమవారాన్ని ఈ షరతుకు పెట్టి చూడాలి. లోపాలను వదిలేసి, గడియారాన్ని దాటనిచ్చి, అప్పుడు ఏమీ జరగకపోతే గండమే లేదనే హక్కు మనకుండేది. ఆ గదిలో వెలుతురుండేది. కాని జరిగింది వేరు. ముందే లోపాలను వెతికి తీసేశారు. తీసేసిన తర్వాత కనపడలేదు కనుక మొదటినుంచీ లేవనడం, దీపం ఆర్పి గది ఖాళీ అని చెప్పడమే. అసలు వెలుతురు పరీక్షల్లో ఉంది. గడియారం ముందుకు తిప్పి చూసినప్పుడు ప్రోగ్రాములు పడిపోయాయి, తప్పు లెక్కలు చెప్పాయి. అందుకే వాటిని మార్చారు. చూడవలసిన చోటు ఆ పరీక్షల చిట్టా. పండగ రాత్రి ఆకాశంలోకి చూసి తీర్పు చెప్పినవాళ్లు చిట్టా తెరవలేదు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. ఇటలీ, రష్యా, దక్షిణ కొరియా లాంటి దేశాలు అమెరికా పెట్టినంత డబ్బు పెట్టలేదు, అంత ఆందోళనా పడలేదు. అక్కడా ఆకాశం విరిగిపడలేదు. మందు వేసుకున్నవాడికీ వేసుకోనివాడికీ జబ్బు రాకపోతే మందు ఏం చేసినట్టు? ఆశ్చర్యమేమంటే, ఈ అభ్యంతరం అచ్చంగా ఇదే రూపంలో మన న్యాయశాస్త్రపు మొదటి పుటల్లో ఉంది. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. ఆ గ్రంథానికి తానే రాసుకున్న దీపికలో, గ్రంథాదిలో మంగళం ఎందుకు చేయాలన్న చర్చ ఎత్తుకుంటాడు. మంగళం విఘ్నాలను పోగొడుతుందంటారు సరే, మంగళం చేసినా కాదంబరి పూర్తికాలేదు, మంగళం లేకున్నా కిరణావళి పూర్తయింది. మరి కారణకార్య సంబంధం ఎక్కడుంది అని పూర్వపక్షం. సమాధానం రెండు ముక్కలు. కాదంబరి విషయంలో విఘ్నాలు మరీ ఎక్కువ. కిరణావళి విషయంలో మంగళం గ్రంథం వెలుపల జరిగింది. ఈ రెండో ముక్క వింటే ఆధునిక పాఠకుడు పెదవి విరుస్తాడు. కనపడని చోట జరిగిందని చెబితే ఎవరు కాదనగలరు, ఏ వాదమైనా అలా నిలబెట్టవచ్చు కదా అంటాడు. ఆ అనుమానం న్యాయమైనదే. వెలుపల జరిగిందన్న మాట ఎవరైనా వెలుపలికి వెళ్లి చూపించగలిగినప్పుడే చెల్లుతుంది. రెండంకెల సమస్యలో అది చూపించవచ్చు. రోమ్‌లోనో మాస్కోలోనో బ్యాంకు వాడిన ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, ట్రేడింగ్ ప్యాకేజీ ఎక్కువ భాగం ఇంకెక్కడో తయారైనవి. తయారుచేసిన కంపెనీలు వాటిని ఒక్కసారి సరిదిద్ది కొత్త కూర్పును అందరికీ పంపాయి. ఖర్చు ఒక దేశపు పద్దులో పడింది, రక్షణ పది దేశాలకు దక్కింది. పైగా కంప్యూటర్ల మీద తక్కువగా ఆధారపడిన దేశాలకు పోయేదీ తక్కువే. ఈ అభ్యంతరంలో నిజమున్న భాగాన్ని ఒప్పుకోవాలి. ఖర్చులో కొంత వృథా అయింది, భయాన్ని సొమ్ము చేసుకున్నవాళ్లున్నారు, ఈ సందు చూసుకుని అవసరం లేని కొత్త యంత్రాలు కొన్నవాళ్లున్నారు. కాని వైద్యుడు ఎక్కువ ఫీజు తీసుకున్నాడని జబ్బు అబద్ధమైపోదు. జబ్బు నిజమేనని, మందు అందని చోట్ల కనపడింది. 1999 డిసెంబర్ చివరి రోజుల్లో బ్రిటన్ దుకాణాల్లో వేల కార్డు యంత్రాలు నాలుగు రోజుల ముందుకు లెక్క చూసుకోబోయి మొరాయించాయి. అమెరికా గూఢచారి ఉపగ్రహాల సమాచారాన్ని చదివే కేంద్రం కొన్ని రోజులు పడకేసింది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో గర్భిణుల వయసును కంప్యూటర్ తప్పుగా లెక్కగట్టి, 150 మందికి పైగా స్త్రీలకు పుట్టబోయే బిడ్డల డౌన్స్ సిండ్రోమ్ పరీక్షలో తప్పుడు ఫలితాలు ఇచ్చింది. ఆ తల్లులకు ఇది నాటకం కాదు.

గండం నిజమైనదేనని ఒప్పుకున్నా, దాన్ని తప్పించినవాడు ఏదైనా చేసినట్టా అన్నది ఇంకా మిగిలే ఉంది. అభావాలు నాలుగు రకాలన్నారు అన్నంభట్టు, ఆయన పూర్వులు. పుట్టక ముందు ఉండే లేమి, నశించాక ఉండే లేమి, ఎప్పటికీ ఉండే లేమి, ఒకటి ఇంకొకటి కాకపోవడం. మొదటిది ప్రాగభావం. కుండ పుట్టేముందు కుండ లేదు. ఆ లేమికి ఆది లేదు, కుండ పుట్టగానే దానికి అంతం. కీడు రాకుండా చూడటమంటే ఆ కీడు ప్రాగభావానికి అంతం రానివ్వకపోవడం. ఇక్కడ తార్కికులు ఒక చిక్కు తెచ్చారు. ప్రాగభావం ముందునుంచీ ఉన్నదే కదా, ఉన్నదాన్ని సాధించడమేమిటి, పురుష ప్రయత్నంతో పుట్టనిది పురుషార్థం ఎలా అవుతుంది? దీనికి నిలబడే జవాబు ఒకటే. లేమిని మనం పుట్టించడం లేదు, దాన్ని తుదముట్టించడానికి సిద్ధంగా ఉన్న కారణాన్ని నాశనం చేస్తున్నాం. కారణనాశం కొత్తగా జరిగే పనే, దానికి కర్త ఉన్నాడు, కూలి ఉంది, అలసట ఉంది. ఈ జవాబు పుస్తకాల్లో పొడిగా ఉంటుంది. గోదావరిఖనిలో తడిగా ఉంటుంది. భూగర్భంలో బొగ్గు తీసిన ఖాళీని అలా వదిలేస్తే పైనేల కుంగుతుంది. అందుకని గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల గుండా లోపలికి పంపి ఆ ఖాళీని నింపుతారు. స్టోయింగ్ అంటారు దాన్ని. బొగ్గు తవ్వితే టన్నుల లెక్క ఉంది, రైలు వ్యాగన్లున్నాయి, ఎన్టీపీసీ పొగగొట్టాలున్నాయి, 2,600 మెగావాట్లున్నాయి. ఇసుక నింపితే కనపడేదేమిటి? పైన రోడ్డు రోడ్డులాగే ఉంటుంది, గోడ గోడలాగే ఉంటుంది. కుంగని నేల అనే ఫలానికి ఫొటో తీయలేం. అయినా గుండె మీద చెయ్యి వేసుకుని స్టోయింగ్ కార్మికుడు ఏ పనీ చేయలేదనగలిగిన మనిషి ఆ నేల మీద ఉన్నాడా? 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ సంఖ్య అందరికీ గుర్తుంది, గుర్తుండాలి కూడా. కాని నీటిని ముందే తోడిన, గోడను ముందే కట్టిన, తవ్వకాన్ని ముందే ఆపిన రోజుల్లో చనిపోకుండా మిగిలినవాళ్ల సంఖ్య ఏ రిజిస్టర్లోనూ లేదు. రిజిస్టర్లో లేనంతమాత్రాన ఆ రోజులు పనిలేని రోజులు కావు.

కర్తృత్వాన్ని మంచికి ఒప్పుకుంటే చెడ్డకూ ఒప్పుకోక తప్పదు. కీడును తప్పించినవాడు కర్త అయితే, ఆ కీడుకు విత్తనం వేసి ముప్పై ఏళ్ల కిందట వెళ్లిపోయినవాడు కూడా కర్తే. 1998లో అమెరికా సెనేట్ కమిటీ ముందు ఫెడరల్ రిజర్వ్ అధిపతి ఆలన్ గ్రీన్‌స్పాన్ నిలబడి, ఈ నేరస్థుల్లో తానూ ఒకడినని చెప్పుకున్నాడు. 1960, 70లలో ప్రోగ్రాములు రాసేటప్పుడు 19 రాయకుండా కాస్త చోటు మిగిల్చినందుకు అప్పట్లో గర్వపడ్డానని ఒప్పుకున్నాడు. ప్రపంచ ద్రవ్య వ్యవస్థకు కాపలా ఉన్న మనిషి నోట వచ్చిన ఆ మాటను నేను గౌరవిస్తాను. పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లు అలా అరుదుగా మాట్లాడతారు. ఆ రోజుల్లో జాగా ఖరీదైనది, ప్రోగ్రాము నాలుగైదేళ్లకు మించి బతకదనుకున్నారు, కనుక తప్పు కాదని వాళ్ల తరఫున వాదిస్తారు. సగం ఒప్పుకోవచ్చు. కాని 1970లో ముప్పై ఏళ్ల అప్పు పత్రానికి లెక్క రాసినవాడి కళ్ల ముందే 2000 ఉంది. చెప్పేవాళ్లు లేక కాదు. రాబర్ట్ బెమర్ అనే ప్రోగ్రామర్ 1950ల చివర మోర్మన్ చర్చి వంశవృక్షాల పనిలో రెండంకెలు శతాబ్దాలను కలిపేస్తాయని గమనించి, 1971లో అచ్చులోనే హెచ్చరించాడు. తాతముత్తాతల పేర్లు కలిపే పనిలో ఉన్నవాడికి కనపడింది, రేపటి వడ్డీ లెక్కలో ఉన్నవాడికి కనపడలేదు. మీమాంసకులకు ఒక ప్రశ్న ఎదురైంది: యజ్ఞం ఇవాళ ముగిసిపోతుంది, ఫలం ఎప్పుడో వస్తుంది, మధ్యలో ఆ రెంటినీ కలిపేదేమిటి? అపూర్వం అనే కనపడని శక్తిని వాళ్లు ఊహించారు. అది నిజంగా ఉందా లేదా అన్న చర్చ పక్కన పెట్టండి. ముగిసిన పనికీ రాబోయే ఫలానికీ మధ్య తెగని దారం ఒకటుందన్న వాళ్ల పట్టుదల మాత్రం, ఎవరూ తెరవని ఫైలులో ముప్పై ఏళ్లు నిద్రపోయి ఒక అర్ధరాత్రి లేచే లోపాన్ని చూసినప్పుడు, ఊహలా అనిపించదు.

అంటే కుదించి రాయడమే పాపమా? కాదు. కుదించకుండా మనిషి ఏదీ రాయలేడు. మన ప్రభవాది సంవత్సరాలు కూడా కుదింపే. అరవై పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. విక్రమ నామ సంవత్సరంలో పుట్టానంటే 1940లోనో 2000లోనో తెలియదు. ఆ చిక్కు మన పూర్వులకు తెలుసు. అందుకే కాకతీయుల నాటి శాసనాలు చాలావాటిలో శక సంవత్సరాన్నీ ప్రభవాది పేరునూ కలిపి చెక్కారు. ఒట్టి పేరు మాత్రమే చెక్కిన శాసనం దొరికితే చరిత్రకారుడు లిపిని చూసి, రాజుల వరుస చూసి, అరవై ఏళ్లు అటా ఇటా అని తల పట్టుకుంటాడు. సంకల్పాన్ని చూడండి. గోదావరి దక్షిణపు ఒడ్డున, బొగ్గుగనులకు కూతవేటులో ఉన్న మంథనిలో ఇవాళ పొద్దున ఎవరో సంకల్పం చెప్పుకునే ఉంటారు. బ్రహ్మ ఆయుష్షులో రెండో సగం, శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగంలో మొదటి పాదం అని అన్నిటికన్నా పెద్ద గడి నుంచి దిగివచ్చి, ఆ తర్వాతే సంవత్సరం పేరు, మాసం, తిథి. రోజూ చేసే చిన్న పూజకు అంత పెద్ద చిరునామా ఎందుకని విసుక్కునేవాళ్లున్నారు. చిన్న పేరు చెల్లుబాటు కావాలంటే దాని వెనక పెద్ద లెక్క చెరిగిపోకుండా ఉండాలి. సంకల్పం రోజూ చేసే పని అదే. బొగ్గు పరిశ్రమలో పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిసిన కార్మికుడికి ఆ ఏడు జూలై 1ని పుట్టినరోజుగా తీసుకునే నిబంధన ఉంది. అదీ కుదింపే, కాని రాసిపెట్టిన కుదింపు. చదివినవాడికి ఎక్కడ తెలియనిది మొదలైందో తెలుస్తుంది. రెండంకెల ప్రోగ్రాము చేసిన అపచారం 19ని వదిలేయడం కాదు, వదిలేశానని ఎక్కడా చెప్పకపోవడం, తన శతాబ్దం తప్ప వేరే శతాబ్దం లేనట్టు ప్రవర్తించడం.

ఇక్కడ గీతను అడ్డంపెట్టేవాళ్లున్నారు. ఫలం మీద నీకు అధికారం లేదు, పని చెయ్యి, ఫలాన్ని వదిలెయ్యి అన్నాడు కదా కృష్ణుడు. ముప్పై ఏళ్ల తర్వాత ఏమవుతుందో ఆలోచించడం ఫలాసక్తి కాదా? ఈ మాట వినడానికి భక్తిగా ఉంటుంది కనుక ఎక్కువ ప్రమాదకరం. వదలమన్నది నాకేం దక్కుతుందన్న ఆరాటాన్ని. ఎవరికేం తగులుతుందన్న చూపును వదలమనలేదు. పద్దెనిమిదో అధ్యాయం ఇరవైఅయిదో శ్లోకంలో ఆ గీతే, పర్యవసానాన్నీ నష్టాన్నీ హింసనూ తన శక్తినీ లెక్కచేయకుండా మోహంతో మొదలుపెట్టిన పనిని తామసం అంటుంది. అనుబంధం అన్న మాట వాడింది అక్కడ: పనికి వెనకాలే కట్టుకుని వచ్చేది. తన పనితనానికి మురిసిపోతూ చోటు మిగిల్చినవాడిలో ఫలాసక్తి ఉంది, అనుబంధ దృష్టి లేదు. పాత వరుసల్లో రాత్రంతా తేదీలు వెతికి, మెచ్చుకునేవాడు లేకుండా, పని ముగియగానే ఉద్యోగం కూడా పోగొట్టుకున్నవాడిలో ఇది తలకిందులు. నిష్కామ కర్మకు ఇరవయ్యో శతాబ్దం ఇచ్చిన మంచి ఉదాహరణల్లో అతడి పని ఒకటి. ఇక కాలజ్ఞానంలో రాసినట్టే జరుగుతుంది, ఎవరి ఖర్మ వాళ్లది, మనం ఆపేదేముంది అనే నిర్వేదం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆ మాటను నిజంగా నమ్మినవాడు బాయిలోకి సేఫ్టీ ల్యాంపు తీసుకుపోడు.

నిర్లక్ష్యానికి గనుల్లో వచ్చే రూపం మరీ భయంకరం. ఒక తరం తవ్వి వదిలేసిన సొరంగాల్లో నీరు చేరుతుంది. తర్వాతి తరం పక్కనుంచి తవ్వుకుంటూ వస్తుంది. మధ్యలో ఎంత గోడ మిగిలిందో చెప్పేది పాత పటం ఒక్కటే. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలాలో పాత పనుల నీరు పడి 370 మందికి పైగా చనిపోయారు. 2001 ఫిబ్రవరిలో అక్కడికి దగ్గర్లోనే బాగ్‌డిగి గనిలో పక్క గని నీరు దూసుకొచ్చి 29 మంది. గని మూసేటప్పుడు పటం అప్పగించాలని, నీరు నిలిచే పాత గనికి 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా తవ్వకూడదని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల్లోనే ఉంది. ఆ నిబంధనను నేను ధర్మసూత్రంగా చదువుతాను. నువ్వు పోయాక నీ ఖాళీ పక్కన ఇంకొకడు తవ్వుతాడు, అతడికి నీ ఖాళీ ఎక్కడుందో చెప్పిపో అంటుందది. ఇరవై అయిదు కోట్ల ఏళ్ల కిందటి అడవిని ఎనిమిది గంటల షిఫ్టుల్లో తవ్వే ఈ గోదావరి లోయలో, కాలం పొడవు గురించి ఇంతకన్నా సూటిగా చెప్పిన మాట ఇంకొకటి లేదు.

రెండంకెల సమస్యను సరిదిద్దినవాళ్లలోనూ కొందరు పాత పొరపాటే చేశారు. నాలుగంకెలకు మార్చడం ఖర్చు, అందుకని ఒక గీత గీశారు: గీతకు కింద ఉన్న రెండంకెలు 2000ల్లోవి, పైన ఉన్నవి 1900ల్లోవి. దీనికి కిటికీ పద్ధతి అని పేరు. కిటికీ అంచు వచ్చేసరికి మళ్లీ అదే కథ. 2020 జనవరి 1కి ముందు స్ప్లంక్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ తన వాడకందారులందరికీ సవరణ పంపవలసి వచ్చింది; రెండంకెల సంవత్సరాన్ని అది 19 దాకానే గుర్తుపట్టగలదు. ఎక్సెల్ షీటులో మామూలుగా 29 అని కొడితే 2029 అవుతుంది, 30 అని కొడితే 1930 అవుతుంది. దుకాణం పద్దో, పీఎఫ్ లెక్కో, సంఘం చిట్టీయో అందులో రాసుకునే ప్రతి ఒక్కరికీ ఇది వర్తిస్తుంది. తేదీ రాసేటప్పుడు నాలుగంకెలూ వేయండి. కుదించక తప్పకపోతే ఎక్కడ కుదించారో పక్కన రాసిపెట్టండి. రామగుండం, మంథని, గోదావరిఖనిల నుంచి వెళ్లి పరాయి బ్యాంకుల ప్రోగ్రాములు రాస్తున్న పిల్లలకు ఇంట్లో పెద్దలు ఇది చెప్పాలి. బాయిలో పటం విలువ తెలిసినవాళ్లు చెబితే వింటారు. ఇంకో గడువూ ఉంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతూ ఆ లెక్కను 32 బిట్లలో దాచుకునే పాత యంత్రాలకు అంకెలు నిండిపోయే క్షణం 2038 జనవరి 19, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. పింగళ నామ సంవత్సరం అని ఒట్టిగా రాస్తే అది 1978 జనవరో 2038 జనవరో తెలియదు. ఆ రోజు మంగళవారం, ఫస్ట్ షిఫ్టు బాయిలో ఉండే వేళ.